ఒత్తు ఎక్కడ పెట్టాలి?

కొన్ని నెలల కిందట మా ఇంటి పెద్దదిక్కును కోల్పోయినప్పుడు నా ఫోనుకు చాలా ఓదార్పు సందేశాలు వచ్చాయి. ఆ రోజు అక్షరాలను పట్టించుకునే స్థితిలో నేను లేను. కొన్నాళ్ల తరువాత వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా చదువుకున్నప్పుడు, ‘మీ భాదను అర్ధం చేసుకోగలను’ అనే వాక్యం పదే పదే కనిపించింది. ‘బాధ’లో చివర ఉండవలసిన ఒత్తు మొదటికి వచ్చింది, ‘అర్థం’ ‘అర్ధం’ అయింది, అంటే సగం అయింది. పంపినవారిలో ఎంతో చదువుకున్నవారు, నాకు అక్షరాలు నేర్పినంతటివారు ఉన్నారు. వారి ఆప్యాయతను నేను ఒక్క క్షణం కూడా శంకించలేదు. ఇంతమంది చేతుల్లో ఒకే మాట ఒకే విధంగా ఎందుకు తప్పుతున్నదన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

మొదటి కారణం తెలుగు స్వభావంలోనే ఉంది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు వర్ణాలు ముప్పయ్యారు అని లెక్క చెప్పాడు. ఖ, ఘ మొదలుకొని ఫ, భ వరకు ఉన్న పది మహాప్రాణాలు, అంటే ఒత్తి పలికే అక్షరాలు, ఆ లెక్కలో లేవు. అవి ప్రధానంగా సంస్కృత పదాలతోను, ‘ఖాళీ’, ‘ఖరీదు’ వంటివాటి ద్వారా పారసీ, అరబీల నుంచి వచ్చిన మాటలతోను మనకు చేరాయి. (నలుబది, ఏబది వాడుకలో నలిగి నలభై, యాభై అయినప్పుడు పుట్టిన ‘భ’ అరుదైన మినహాయింపు.) అందువల్ల మన నోటికి ఒత్తి పలకడం సహజంగా అలవడలేదు. మాటల్లో చాలామంది ‘బాద’ అనే అంటారు, దానిని తప్పుపట్టవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. అయితే చెవికి వినిపించని తేడాను కంటితో చూసి, చేత్తో దిద్ది మాత్రమే నేర్చుకోవాలి. దిద్దడం మానేసిన కొన్నేళ్లకు ‘ఈ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉంది’ అన్నంతవరకే గుర్తుంటుంది, అది ఏ అక్షరానిదో గుర్తుండదు. ‘భాద’, ‘భాధ’, ‘బేధం’, ‘ధీర్ఘం’ అన్నీ ఆ అస్పష్టమైన జ్ఞాపకం నుంచి పుట్టినవే. రాసినవారు ఒత్తును నిర్లక్ష్యం చేయలేదు, ఎక్కడో ఒకచోట పెట్టాలన్న తాపత్రయంతోనే తప్పుచోట పెట్టారు.

రెండవ కారణం ఫోను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే అలవాటు మనకు ఫోనుల కంటే ముందే ఉంది. అందులో డ, ద రెండింటికీ ‘డి’ ఒక్కటే దిక్కు కాబట్టి, ‘ద’ అని తెలియజేయడానికి దాని పక్కన ‘హెచ్’ చేర్చుకున్నాం. ‘ట’ నుంచి ‘త’ను వేరు చేయడానికీ అదే పని చేశాం. ‘సుజాత’, ‘గీత’ అనే పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర హెచ్ చేర్చేవారు ఎందరో ఉన్నారు. మన లెక్కలో ఆ హెచ్ నాలుక పళ్లకు తగులుతుందని చెప్పే గుర్తు. అదే హెచ్‌ను చాలా కీబోర్డులు ఒత్తుకు గుర్తుగా తీసుకుంటాయి. మనం ‘విద్య’ అనుకుంటూ టైపు చేస్తే తెర మీద ‘విధ్య’ వస్తుంది. కింద సరైన రూపం కూడా కనిపిస్తూనే ఉంటుంది కాని, తొందరలో మొదటిదానినే ఎంచుకుంటాం. పదిసార్లు అలా ఎంచుకున్న తరువాత కన్ను దానికే అలవాటు పడుతుంది.

చిన్న తెర మరొక ఇబ్బందిని తెచ్చింది. ‘ద’ కింద గీత ఉంటే ‘ధ’, ఆ గీతతోపాటు పొట్టలో చుక్క కూడా ఉంటే ‘థ’. సంయుక్తాక్షరంలో ఈ అక్షరం కుదించుకుపోయినప్పుడు ఆ చుక్క ఉందో లేదో పోల్చుకోవడం కష్టం. ‘విద్యార్థి’, ‘అభ్యర్థి’, ‘ప్రార్థన’ అనే మాటలు ఇన్నిసార్లు ‘ర్ధ’తో కనిపించడానికి ఇదీ ఒక కారణమై ఉంటుంది.

బట్టీపట్టడం కంటే మాట ఏ కుటుంబానిదో చూసుకోవడం నాకు బాగా ఉపయోగపడింది. విద్యార్థి, అభ్యర్థి, శరణార్థి, ప్రార్థన, పదార్థం, స్వార్థం, వ్యర్థం అన్నీ ‘అర్థ’ సంతానం, వాటన్నిటి పొట్టలోనూ చుక్క ఉంటుంది. సగాన్ని చెప్పే అర్ధరాత్రి, అర్ధగోళం, ఉత్తరార్ధం వేరే కుటుంబం. బహుమతి ఇవ్వడం దానం కాబట్టి అది ‘ప్రదానం’. ముఖ్యమైనది ‘ప్రధానం’, దాని చుట్టాలు విధానం, సమాధానం, నిధి. బాధపడేవాడు బాధితుడు, ‘బాధ్యత’ కూడా ఆ కుటుంబంలోనిదే. ‘బాధ్యత’ను చాలామంది తప్పు లేకుండా రాస్తారు కాబట్టి, దానిని తలచుకుంటే ‘బాధ’ తనంతట తానే సరిగా వస్తుంది. ‘భేదం’లో మాత్రం ఒత్తు మొదటి అక్షరానిదే, అభేద్యం, విభేదం దానికి సాక్ష్యం.

ఇందులో నాకు అన్నిటికంటే ఆనందం కలిగించిన విషయం మరొకటి ఉంది. గణితశాస్త్రజ్ఞుడు కూడా అయిన జర్మన్ పండితుడు హెర్మన్ గ్రాస్‌మన్ 1863లో ఒక సూత్రాన్ని ప్రకటించాడు. సంస్కృతంలోనూ ప్రాచీన గ్రీకులోనూ దగ్గర దగ్గరగా రెండు మహాప్రాణాలు వచ్చే చోట మొదటిది ఒత్తును పోగొట్టుకుందన్నది ఆ సూత్రం. అందువల్ల ఒకే ధాతువులో, అంటే మాటకు మూలమైన రూపంలో, రెండు ఒత్తులు కనిపిస్తే అనుమానించవచ్చు. బంధం, బోధ, బాధ చూడండి, మొదట తేలిక అక్షరం, తరువాత ఒత్తక్షరం. రెండు వేర్వేరు భాగాలు కలిసి ఏర్పడిన ‘అభిధానం’, ‘భూధరం’ వంటివాటికి ఇది వర్తించదు. జంట అక్షరాల్లోనూ ఇటువంటి పద్ధతే ఉంది. బుద్ధి, యుద్ధం, శ్రద్ధ, స్వచ్ఛం అనే మాటల్లో పై అక్షరం తేలికగా ఉంటుంది, కిందిదానికే ఒత్తు. ఇది తెలిసినవారు అత్యుత్సాహంతో ‘ఉచ్ఛారణ’ అని రాస్తుంటారు. అది ‘చరించడం’ నుంచి వచ్చింది కాబట్టి ‘ఉచ్చారణ’ అనే ఉండాలి.

పలకని అక్షరాలను రాయడం ఎందుకని అడిగేవారున్నారు. తమిళ లిపిలో మహాప్రాణాలకు ప్రత్యేకమైన అక్షరాలు లేకుండానే గొప్ప సాహిత్యం వచ్చిన మాట నిజం. తెలుగు మాత్రం శతాబ్దాలుగా ఆ మాటలను ఒత్తులతోనే రాసుకుంది. ఇప్పుడు వాటిని తీసివేస్తే అర్థానికీ అర్ధానికీ, ప్రదానానికీ ప్రధానానికీ మధ్య ఉన్న తేడాతో పాటు, పైన చెప్పిన చుట్టరికాలు కూడా కంటికి కనిపించకుండా పోతాయి. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ వంటి జంటల విషయం వేరు. అక్కడ రెండూ వాడుకలో ఉన్నాయి, అర్థం మారదు, ఎవరి అలవాటు వారిది.

వ్యక్తిగత సందేశాల్లో నేను ఎవరి తప్పునూ దిద్దను. దుఃఖంలో ఉన్న మనిషికి ఎవరైనా నాలుగు మాటలు రాస్తే వాటిని ఎర్రసిరా కళ్లతో చదవడం అమర్యాద. పదిమంది గోడకు తగిలించుకునే ప్రశంసాపత్రంలోనో, పిల్లలు చూసి నేర్చుకునే పుస్తకంలోనో ‘బహుమతి ప్రధానం’ కనిపిస్తే మాత్రం అచ్చుకు ముందే తెలియజేస్తున్నాను. ఆ ఓదార్పు సందేశాలకు ఆలస్యంగానైనా జవాబులు రాశాను. ‘నా బాధను అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు’ అని ఒక్కొక్కరికి విడివిడిగా, కీబోర్డు ముందుగా చూపిన మాటను పక్కన పెట్టి, ఒత్తులు సరిచూసుకుంటూ రాశాను.