నల్లబల్ల మీద సెప్టెంబరు

మొన్న ఆదివారం సూర్యాపేట దగ్గర మా ఊరి బడి వరండాలో ఒక చరిత్ర సారు మాట్లాడిండు. నల్లబల్ల మీద సుద్దముక్కతో బెజవాడ నుంచి హైదరాబాదు దాకా గీత గీసి, "నిజాం రాజ్యాన్ని ఇండియాల కలిపిన దాన్ని పోలీసు చర్య అంటం గానీ వచ్చింది సైన్యమే" అన్నడు. 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ దిక్కు నుంచి మేజర్ జనరల్ చౌధురి, మన దిక్కు నుంచి మేజర్ జనరల్ రుద్ర సైన్యాలతో కదిలిండ్రు. 17న నిజాం లొంగిపోయిండు.

వెనక కూసున్న అవ్వ లేచింది. "ఐదు దినాలేంది సారూ? మిల్ట్రీ పోతే గద! మా ఇండ్లళ్ల గరిసెలు గూడ ఎతికిండ్రు."

సారు కసురుకోలేదు. గీత చివర 1951 అని రాసిండు. ఆ అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం ఆపేదాకా వాళ్ల దళాల కోసం సైన్యం ఊళ్లను జల్లెడ పట్టిన సంగతి చెప్పిండు. పోలీసు చర్యప్పుడు, ఆ తర్వాత జరిగిన హింసను ఆరా తీయను కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా కూడా దాయలేదు: తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు, ఎక్కువమంది ముస్లింలు. వరండా అంతా సప్పుడు లేదు. ఊళ్లో ఈ మాట మైకులో వినడం నాకిదే మొదటిసారి. చాలా ముందే వినాల్సింది.

తర్వాత సారు సుద్దముక్క అవ్వ చేతిలో పెట్టి, "మీ గుట్ట యాడుంటది?" అని అడిగిండు. ఆమె వణికే వేళ్లతో గీతకు పైన చిన్న సున్న చుట్టింది.