ముగ్గురాయి మీద ఎర్రటి పలుకులు

మాది రైల్వేకోడూరు పక్కన పల్లె. మంగంపేట గనులు దగ్గరే. నాన్న ఒక ముగ్గురాయి మిల్లులో పనిచేసేవారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా పొడి ఉండేది. బరువైన రాయి కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో దాని పొడి కలుపుతారని ఆయనే చెప్పారు. నా దృష్టిలో ముగ్గురాయి అంటే అంతే: లారీలు, దుమ్ము, నాన్న దగ్గు.

అందుకే కొన్నేళ్ల కిందట ఒక ఫోటో చూసి ఆగిపోయాను. తెల్లటి ముగ్గురాయి, దాని మీద దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి స్ఫటికాలు. ఆ ఎర్రది వెనడినైట్, దొరికిన చోటు మొరాకోలోని మిబ్లాడెన్. ఎప్పటికైనా వెళ్లాలనుకున్నాను. పోయిన అక్టోబరులో తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు పుదుచ్చేరిలో చదువుకున్నాడు, ఫ్రెంచ్ వచ్చు. వాడు లేకపోతే ఈ ప్రయాణం సగం కూడా సాగేది కాదు.

ఫెస్ నగరం నుంచి మిడెల్ట్ అనే ఊరు సుమారు 200 కిలోమీటర్లు. అజ్రూ దగ్గర దేవదారు అడవులు, తోకల్లేని కోతులు. అవి దాటాక చెట్టనేది కనిపించని బయలు. మిడెల్ట్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, మధ్య అట్లాస్, పెద్ద అట్లాస్ అనే రెండు కొండల వరుసల నడుమ ఉంది. యాపిల్ తోటలకు పేరు. రోడ్డు పక్క కొట్లలో యాపిల్ బుట్టలు ఎన్నున్నాయో, రాళ్లు పేర్చిన బల్లలూ అన్నే ఉన్నాయి.

అక్కడి నుంచి మిబ్లాడెన్ పదిహేను కిలోమీటర్ల లోపే. ఫ్రెంచ్ వాళ్ల పాలనలో పెద్ద ఎత్తున సీసం తవ్విన చోటు. 1980లలో గనులు మూతపడ్డాయి. కంపెనీ పోయినా గుంతలు మిగిలాయి, మనుషులూ మిగిలారు. ఇప్పుడు వాళ్లు తవ్వేది సీసం కోసం కాదు, ఈ ఎర్రటి పలుకుల కోసం.

మాకు దారి చూపిన పెద్దాయన అక్కడి అమజిగ్ మనిషి, అంటే బెర్బర్ అని పిలిచే అక్కడి మూలవాసి. ఒక గుంత పక్కన కూర్చోబెట్టి, చెక్కపెట్టెలోంచి పాత పేపర్లో చుట్టిన రాయి తీసి నా చేతిలో పెట్టారు. ఇంతాచేసి అరచేయంత రాయి, చెయ్యి కిందికి దిగింది.

"అన్నా, ఈ తెల్లది మన ముగ్గురాయే కదా!" అన్నాడు తమ్ముడు, చూడగానే.

అవును, మన రాయే. కాకపోతే మంగంపేటలోలా బూడిదరంగు గట్టు కాదు. పలచటి తెల్ల రేకులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి సందుల్లో ఆరు పక్కల ఎర్రటి బిళ్లలు, కొలిచి కోసినట్టు. ఎండలోకి తిప్పితే వజ్రం మెరిసినట్టు మెరిశాయి. వేలు పెట్టబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు. నిజమే, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో వెనడినైట్ 3 దరిదాపులే. చాకుతో గీస్తే గీత పడుతుంది, తట్టు తగిలితే విరుగుతుంది. అందుకే ఇంత అందమున్నా నగలకు పనికిరాదు. బరువు మాత్రం నీటికి దాదాపు ఏడు రెట్లు. ముగ్గురాయి నాలుగున్నర రెట్లే.

ఆ బరువంతా సీసానిదే, తూకంలో 73 శాతం దాకా ఉంటుంది. వెనేడియం అనే లోహం 11 శాతం లోపు, మిగతాది ఆక్సిజన్, కొద్దిగా క్లోరిన్. అణువుల అమరిక చూస్తే ఇది అపటైట్ కుటుంబం, అంటే మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజానికి చుట్టం. కాల్షియం చోట సీసం, ఫాస్ఫేట్ చోట వెనడేట్ (వెనేడియం, ఆక్సిజన్ కలిసినది) కూర్చున్నాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇది నేల లోతుల్లో పుట్టే రాయి కాదు. గెలీనా అనే సీసపు ఖనిజం పైపొరల్లో గాలికీ నీటికీ చివికిపోతే సీసం విడివడుతుంది. చుట్టుపక్కల రాళ్ల నుంచి నీళ్లు కొంచెం కొంచెంగా వెనేడియాన్ని కడిగి తెస్తాయి. రెండూ ఏ సందులోనో కలిసి, క్లోరిన్ తోడైతే ఈ పలుకు కడుతుంది. వానలు తక్కువైన పొడి నేలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఆ బోడి కొండలు చూశాక ఎందుకో అర్థమైంది.

ఈ రాయితో ముడిపడిన ఒక మనిషి గురించి చెప్పాలి. 1801లో మెక్సికోలోని సిమపాన్ నుంచి వచ్చిన గోధుమరంగు సీసపు రాయిలో ఆండ్రెస్ మాన్యుయెల్ డెల్ రియో అనే ఖనిజ శాస్త్రవేత్త కొత్త మూలకం కనిపెట్టాడు. దాని లవణాలు వేడిచేస్తే ఎర్రబడతాయని ఎరిత్రోనియం అని పేరుపెట్టాడు. 1805లో ఒక ఫ్రెంచ్ రసాయనవేత్త అది క్రోమియమే అని తేల్చేశాడు. డెల్ రియో కూడా నమ్మి తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ అనే రసాయనవేత్త ఇనుప ఖనిజంతో పనిచేస్తూ మళ్లీ ఆ మూలకాన్నే పట్టుకుని, వనాడిస్ అనే దేవత పేరుమీద వెనేడియం అన్నాడు. మరుసటి ఏడు వోలర్ అనే జర్మన్ రసాయనవేత్త రెండూ ఒకటేనని రుజువు చేశాడు. అప్పటికి డెల్ రియో బతికే ఉన్నాడు. కానీ పేరు మారలేదు. చేతిలో ఉన్న నిజాన్ని వదులుకున్న ఆ మనిషి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

గుంత ఎంత లోతని అడిగాను. పెద్దాయన చేతులు చాచి తాడు కొలిచి చూపించారు: పదిహేను బారలు. కింద ఇద్దరు కుర్రాళ్లు సుత్తి, ఉలి పట్టుకుని తవ్వుతున్నారు. ఒకడు పైకి వచ్చాడు. కనుబొమ్మల మీద పొడి. మూతికి గుడ్డయినా లేదు. అదే చేత్తో రొట్టె తుంచబోతుంటే, సీసం కడుపులోకి పోతే విషం కదా అని నేను ఆగలేక నీళ్ల సీసా ఇచ్చి, ముందు చేతులు కడుక్కోమని తమ్ముడితో చెప్పించాను. నవ్వి కడుక్కున్నాడు. నా సంచిలో ఉన్న మాస్కుల ప్యాకెట్టు అక్కడే పెట్టేశాను. అవి ఎన్నాళ్లొస్తాయి?

నూట యాభై మొరాకో దిర్హామ్‌లకు చిన్న ముక్క ఒకటి కొన్నాను. బేరమాడలేదు. వెలుతురులో ఎక్కువ కాలం ఉంటే రంగు నల్లబడుతుంది కాబట్టి ఇంట్లో మూతపెట్టెలో దాచాను.

ఊరికి తీసుకెళ్లి నాన్నకు చూపించాను. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ తూచారు.

"అడుగున ఉండేది మన రాయే. మీద ఇంకేందో బరువైంది ఉంది" అన్నారు. తర్వాత కాసేపటికి అడిగారు: "దీన్ని తవ్వేటోళ్లకు దగ్గు ఉందారా?"