నది పూడిపోయిన రేవు

నాన్నగారు షికాగో వచ్చి నెల దాటింది. "అద్దాల మేడలు చాల్లేరా, ఏదైనా పల్లె చూపించు" అంటే, ఒక శనివారం ఇల్లినాయ్ వాయవ్య మూలన ఉన్న జో డేవిస్ కౌంటీకి బయల్దేరాం. కారులో మూడు గంటల దారి. చాలాసేపు బల్లపరుపు మొక్కజొన్న చేలే. ఆ తర్వాత ఉన్నట్టుండి గుట్టలు, లోయలు, మలుపులు. మంచుయుగంలో చుట్టుపక్కల నేలను చదును చేసిన హిమానీనదాలు ఈ మూలకు రాలేదట.

ముఖ్య పట్టణం గెలీనా. ఆ పేరు సీసపు ఖనిజానిదే. 1820ల నుంచి గనుల కోసం జనం ఎగబడ్డారు. 1840ల్లో అమెరికా సీసంలో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కల తవ్విందే. మిసిసిపీ మీంచి స్టీమర్లు ఊళ్లోకే వచ్చి సరుకు ఎత్తుకెళ్లేవి.

నాన్నగారు వంతెన మీద ఆగి కిందికి చూశారు. "స్టీమర్లు దీంట్లోకా?"

ఆయన ధవళేశ్వరం దగ్గర గోదావరి చూస్తూ పెరిగిన మనిషి. ఎదురుగా ఉన్న గెలీనా నది మా ఊరి పంట కాలువలా ఉంది. సీసం కరిగించే కొలుముల కోసం కొండల మీద చెట్లు కొట్టేశారు. గనుల మట్టీ, కొండల మట్టీ వానలకు కొట్టుకొచ్చి నదిని పూడ్చేశాయి. 1854లో రైలు రావడంతో రేవుకు పనే తగ్గిపోయింది. "మన దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అదే రోజుల్లో వీళ్లు నదిని పోగొట్టుకున్నారన్నమాట" అన్నారాయన.

డబ్బు పోవడం ఒకందుకు మంచిదే అయింది. పాత మేడలు కూల్చి కొత్తవి కట్టేవాళ్లు లేక, మెయిన్ స్ట్రీట్ నిండా ఆనాటి ఇటుక భవనాలే మిగిలాయి. ఇప్పుడు జనాభా మూడు వేల పైచిలుకు. నది పూడినా వరద మాత్రం మానలేదు. వీధి మొదట్లో పెద్ద ఆకుపచ్చ వరద గేట్లున్నాయి.

యాభై డాలర్ల నోటు మీద బొమ్మ ఉంటుందే, అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాపతి, తర్వాత అధ్యక్షుడు, ఆ గ్రాంట్ 1860లో ఇక్కడికొచ్చి తండ్రి తోళ్ల దుకాణంలో పనిచేశాడు. అంతర్యుద్ధం గెలిచొస్తే 1865లో ఊరివాళ్లు ఇల్లు బహుమతిగా ఇచ్చారు. ఈ ఊరితో సంబంధం ఉన్న జనరల్స్ తొమ్మిది మంది. వాళ్లలో సెనెకా అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన ఈలై పార్కర్ ఒకడు. దక్షిణాది సేనాపతి లీ లొంగుబాటు షరతుల ప్రతిని తన చేతిరాతతో రాసింది ఆయనే. గ్రాంట్ ఇంటికంటే ఈయన కథే నాకు ఎక్కువ నచ్చింది.

రాష్ట్రంలోకెల్లా ఎత్తైన గుట్ట చార్ల్స్ మౌండ్ కూడా ఈ కౌంటీలోదే, 1,235 అడుగులు. తీరా చూస్తే అది ఎవరిదో సొంత పొలం, ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని రానిస్తారు. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు. ముందే చూసుకోనందుకు అక్షింతలు పడ్డాయి.

సాయంత్రం చెస్ట్‌నట్ మౌంటెన్ మీంచి మిసిసిపీ కనిపించింది, లంకలతో సహా. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అడిగారు: "ఇందులో పులస దొరుకుతుందా?"

"దొరకదు నాన్నా."

"సర్లే, కారు తియ్యి."