ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి: అమ్మానాన్నలతో టాలిన్

ఫిన్లాండ్‌లో హెల్సింకీ చుట్టుపక్కల ఉండే మాలాంటి వాళ్ళకి టాలిన్ అంటే చీరాల వాళ్ళకి ఒంగోలు లాంటిది. మధ్యలో 80 కిలోమీటర్ల సముద్రం ఉందన్న మాటేగానీ, ఓడెక్కితే రెండు గంటల్లో ఇంకో దేశపు రాజధాని, ఎస్తోనియాది. నేను, మా ఆయన నాలుగుసార్లు పోయొచ్చాం. ఒక్కసారి కూడా ముందు కూర్చుని ఆలోచించింది లేదు. కిందటి వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు మాత్రం రెండు రాత్రుల ప్రయాణానికి మూడు వారాలు పట్టింది.

నాన్న చీరాలలో హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. టాలిన్ పాత ఊరు 1997 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉందని చెప్పగానే నోట్‌బుక్ తీశారు. నేనూ ఉత్సాహంగా పంతొమ్మిది చోట్లతో ఎక్సెల్ షీట్ తయారుచేశాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందికి చూసి ఒకటే అడిగింది. "ఇందులో మెట్లు ఎన్నో రాయలేదేమ్మా?"

ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగాయి. తిరపతిలో కూడా ఇప్పుడు నడక దారి ఊసెత్తదు. అప్పుడు షీట్‌లో కొత్తగా ఒక గడి చేర్చి, పైన "మెట్లు" అని రాశాను. అసలు ప్లానింగ్ అక్కడ మొదలైంది.

దానికంటే ముందు నాన్న భయం ఒకటి తీర్చాల్సి వచ్చింది. "మనకిచ్చింది ఫిన్లాండ్ వీసా. పైగా సింగిల్ ఎంట్రీ. ఎస్తోనియా పోతే తిరిగి రానిస్తారా?" ఈ ప్రశ్న ప్రతి వేసవిలో ఎవరో ఒకరి అమ్మానాన్నలు అడుగుతారు కాబట్టి వివరంగా చెప్తాను. ఎస్తోనియా 2007 నుంచి షెంగెన్‌లో, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. వీసా ఇచ్చింది ఏ దేశమైనా, మామూలు షెంగెన్ వీసా అయితే అన్ని షెంగెన్ దేశాల్లోనూ చెల్లుతుంది. ఎంట్రీ లెక్క షెంగెన్ మొత్తానికి కలిపి చూస్తారు, దేశానికొకటి చొప్పున కాదు. హెల్సింకీ నుంచి నేరుగా టాలిన్ పోయే ఓడ ఎక్కితే షెంగెన్ దాటినట్టు కాదు, సింగిల్ ఎంట్రీకి ఏమీ కాదు. వీసా కోసం ఎలాగూ 30,000 యూరోల కవరేజీతో ఇన్సూరెన్స్ తీసుకునే ఉంటారు, అది కూడా షెంగెన్ అంతటికీ పనిచేయాలన్నదే నియమం. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి. మాలాగా ఇక్కడ ఉండేవాళ్ళకి పాస్‌పోర్టుతో పాటు రెసిడెన్స్ కార్డు.

రేవులో ముద్ర వేయరని తెలిసి నాన్న ముఖం చిన్నబోయింది. దేశం మారినా పాస్‌పోర్టులో గుర్తు పడకపోవడం ఆయనకి అన్యాయంగా తోచింది.

తేదీల దగ్గర నేనే తప్పు చేశాను. జూన్ 23, 24 ఖాళీగా కనిపిస్తే అవే పెట్టేశాను. ఆఫీసులో ఎస్తోనియా అబ్బాయి ఒకడు విని నవ్వాడు. 23 వాళ్ళ విజయ దినం, 24 యానిపేవ్, అంటే నడివేసవి పండగ. ఊరంతా పల్లెలకి పోయి మంటలేసుకుని కూర్చుంటుందట. "మూసిన తలుపులు చూడ్డానికి వస్తావా?" అన్నాడు. అలా జులైకి జరిపాను. శుక్రవారం సాయంత్రం పోయి ఆదివారం వచ్చే ఆలోచన కూడా మానుకున్నాను. వారాంతంలో ఓడ టికెట్ ఖరీదు, జనం ఎక్కువ. చవగ్గా దొరికే మద్యం కోసం పోయి చిన్న ట్రాలీల మీద బీరు పెట్టెలు కట్టుకుని వచ్చే ఫిన్లాండ్ వాళ్ళ మధ్య అమ్మని ఊహించుకోలేకపోయాను. సోమవారం కొన్ని మ్యూజియంలు మూసి ఉంటాయి. అలా మంగళవారం పోయి గురువారం రావడం ఖాయమైంది.

హోటల్ విషయంలో డబ్బు పోగొట్టుకున్నాను. పాత ఊరి నడిబొడ్డున, దూలాలు బయటికి కనిపించే గది, కిటికీలోంచి ఎర్ర పెంకుల కప్పులు. ఫొటో చూసి బుక్ చేసేశాను. అది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు అన్న ముక్క కింద ఎక్కడో ఉంది. తీరా చూసేసరికి ఉచితంగా రద్దు చేసుకునే గడువు దాటింది, ఒక రాత్రి అద్దె పోయింది. తప్పు వాళ్ళదని అనలేను. ఆ ఇళ్ళు వర్తకులవి. కింద కాపురం, పైన అటకంతా గోదాము. ఉప్పు బస్తాలు, బట్ట తానులు కప్పు కింద దూలానికి కప్పీ వేసి తాళ్ళతో లాగేవాళ్ళు. ఆ దూలాలు ఇప్పటికీ గోడల్లోంచి బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. సరుకైతే తాడుతో పైకి పోతుంది, మా అమ్మ పోదు కదా! రెండోసారి కోట గోడ బయట, 'వీరు' అనే పాత కోట గేటుకి దగ్గర్లో, లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్ తీసుకున్నాను. చూడ్డానికి ఏ అందమూ లేదు. కానీ రేవు నుంచి కారులో కాసేపే, పాత ఊరిలోకి చదునైన దారి.

ఇక మెట్ల లెక్క. టాలిన్ పాత ఊరు రెండు ఊళ్ళు. కింద వర్తకుల ఊరు, పైన తోంపియా గుట్ట మీద ప్రభువులది. చాలా శతాబ్దాలు దేని పాలన దానిదే, మధ్యలో గోడ, రాత్రయితే గేటుకి తాళం. పైకి పోవడానికి రెండు పాత దారులున్నాయి. ఒకటి పిక్ యాల్గ్, అంటే పొడుగు కాలు. ఇంకొకటి లుహికె యాల్గ్, పొట్టి కాలు. పొట్టి కాలు మెట్ల దారి, నిటారుగా ఉంటుంది. పొడుగు కాలు ఏటవాలు దారి, మెట్లుండవు. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కాబట్టి మా ఊరు కుంటుతుందని అక్కడివాళ్ళ జోకు. అమ్మకి చెప్తే చాలాసేపు నవ్వింది. నాకు మాత్రం అందులోనే దారి దొరికింది. అందరూ కింది నుంచి మొదలుపెట్టి పైకెక్కుతారు. మేం కారులో పైకి పోయి, పొడుగు కాలి మీదుగా కిందికి దిగుతాం. షీట్‌లో పంతొమ్మిది కాస్తా తొమ్మిదయ్యాయి. ఒలెవిస్తె చర్చి గోపురం ఎక్కడాన్ని జాబితాలోంచి కొట్టేశాను. ఇరుకు రాతి మెట్లు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అవే వాడాలి. నాన్న ఒక రోజంతా అలిగారు.

చెప్పుల గురించి ఒక్క మాట. పాత ఊరంతా గుండ్రాళ్ళు పరిచిన వీధులే. అమ్మకి స్పోర్ట్స్ షూ కొని వారం ముందునుంచి ఇంటి చుట్టూ నడిపించాను. వెంకటగిరి చీర మీద తెల్ల బూట్లు ఎలా ఉంటాయోనని ఆవిడ బాధ. ఎవరూ చూడరని నేను. అందరూ చూశారు, చీరనే.

మంగళవారం ఓడలో పులిహోర డబ్బా తీసేసరికి పక్క టేబుల్ వాళ్ళు వాసనకి తిరిగి చూశారు. రెండు గంటలు తెలియలేదు. సాయంత్రం వీరు గేటు గుండా నెమ్మదిగా టౌన్‌హాల్ చౌకుకి నడిచాం. 1404లో పూర్తయిన కట్టడం, గోపురం కొన మీద కాపలావాడి బొమ్మ. చౌకు మూలన మందుల దుకాణం ఉంది. 1422 నాటి రాతల్లోనే దాని ప్రస్తావన కనిపిస్తుంది, ఇప్పటికీ మందులమ్ముతున్నారు. అమ్మ లోపలికి పోయి చూపుడు వేలితో మోకాలు చూపించి ఒక ట్యూబు కొనుక్కొచ్చింది. మొత్తం ప్రయాణంలో ఆవిడ స్వయంగా చేసిన బేరం అదొక్కటే. "ఆరొందల ఏళ్ళ షాపంటగా, పనిచేయకుండా ఉంటుందా" అంది.

నాన్న చౌకులో బల్ల మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచారు. 1219లో డేన్ల (డెన్మార్క్ వాళ్ళ) రాజు ఈ కోట గెలిచాడు. టాలిన్ అంటే డేన్ల కోట అన్న అర్థం చెప్తారు. 1248లో ఇంకో డేన్ రాజు ఇక్కడి వర్తకులకి ల్యూబెక్ అనే జర్మన్ వర్తక నగరపు చట్టాన్ని ఇచ్చాడు, ఊరిని కౌన్సిల్ నడుపుకునేలా. నాన్న ఆ ఏడాది కింద గీత గీసి, "అమ్మాయ్, మోటుపల్లి అభయశాసనం ఎప్పటిది?" అన్నారు. నేను పదో తరగతిలోలాగే నీళ్ళు నమిలాను. 1244-45. గణపతిదేవుడు మా చీరాల పక్క రేవులోనే వేయించిన శాసనం. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు లాక్కోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని సముద్ర వర్తకులకి మాటిచ్చాడు. మూడు నాలుగేళ్ళ తేడాలో రెండు సముద్రాల ఒడ్డున ఇద్దరు రాజులు బేహారులను బుజ్జగించారు. "ఇక్కడ చౌకు మిగిలింది, మనకి శాసనం మిగిలింది" అన్నారు నాన్న. మోటుపల్లి ఇంటికి అంత దగ్గరైనా నేను ఒక్కసారీ పోలేదని అప్పుడే గుర్తొచ్చింది. రాత్రి పదికి కూడా వెలుతురుంది. గుడ్డ టోపీ పెట్టుకున్న అమ్మాయి బండి మీద వేయించి అమ్ముతున్న మసాలా చక్కెర బాదం పప్పు నములుతూ హోటల్‌కి వచ్చాం.

బుధవారం తొమ్మిదికే కారు పిలిచాను. కార్లు పిలిచే బోల్ట్ యాప్ పుట్టిందే ఈ ఊళ్ళో. పర్యాటక ఓడల గుంపులు రాకముందే పైన ఉండాలన్నది లెక్క. పార్లమెంటు, దానికెదురుగా 1900లో పూర్తయిన ఉల్లిపాయ గుమ్మటాల రష్యన్ చర్చి చూసుకుని, కిందంతా కనిపించే కోహ్తుఒత్స అనే గుట్ట అంచుకి చేరాం. కింద ఎర్ర కప్పులు, బురుజులు, ఆ వెనక సముద్రం. అలిగిన నాన్నకి ఒలెవిస్తె గోపురం మొత్తం ఇక్కడి నుంచే కనిపించింది, అదీ ఉచితంగా. కీక్ ఇన్ డె కొక్ అనే బురుజు పేరుకి "వంటింట్లోకి తొంగి చూడు" అని అర్థమని చెప్పాను. పైనున్న సైనికులకి కింది ఇళ్ళ వంటిళ్ళు కనిపించేవట. "పనీపాటా లేక" అంది అమ్మ.

దిగేటప్పుడు పొడుగు కాలు మీద అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగాం. అమ్మ గోడ పట్టుకుని నిలబడి, మాకెదురుగా వగరుస్తూ ఎక్కి వస్తున్న జనాన్ని చూసి జాలిపడింది.

గురువారం కాద్రియోర్గ్ తోటలో కాసేపు కూర్చుని ఓడెక్కాం. బయల్దేరే టైముకి చాలా ముందే గేటు మూసేస్తారు కాబట్టి గంట ముందే రేవులో ఉన్నాం. నాన్న కౌంటర్ దగ్గర మళ్ళీ ముద్ర గురించి అడగబోతే నేనే లాక్కొచ్చాను. ఓడ కదిలాక అమ్మ చీరాలకి ఫోన్ చేసింది. పెద్దమ్మ ఏం చూశారని అడిగినట్టుంది. "అదేదో కుంటి ఊరంట అక్కా, నాకు మల్లే. నెమ్మదిగా చూసొచ్చాం."