మగపిల్లికి మూత్రం ఆగితే తెల్లవారేదాకా ఆగకండి: నా అనుభవం

మగపిల్లి లిట్టర్ బాక్సులో (మలమూత్రాల కోసం ఇసుకలాంటి పొడి పోసి ఉంచే పెట్టెలో) మళ్లీ మళ్లీ కూర్చుని, ముక్కి, మూత్రం పోయకుండానే బయటికి వస్తోందంటే అప్పటికప్పుడే ఆసుపత్రికి బయలుదేరాలి. ఈ ఒక్క వాక్యం చదివి ఎవరైనా మిగతాది వదిలేసినా నాకు సంతోషమే. మా పిల్లి కిట్టు నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. గండం గడిచింది. నా కోపం మాత్రం తగ్గలేదు. అది తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

కిట్టుకు నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. గడప దాటడు, పొడి ఆహారమే తింటాడు, నీళ్లు తక్కువ తాగుతాడు, ఒళ్లు కాస్త ఎక్కువే. మూత్రం అడ్డుపడి వచ్చే పిల్లుల్లో చాలా వరకు ఇలాంటివేనని తరవాత డాక్టర్ గారు చెప్పారు.

వాడి లిట్టర్ బాక్సు రోజూ నేనే శుభ్రం చేస్తాను. రోత పని అని ఎవరికీ అప్పగించలేదు, అందుకు ఇప్పుడు గర్వంగా ఉంది. మూత్రానికి తడిసి గట్టిపడిన ఉండలు రోజుకు ఎన్ని వస్తాయో, ఒక్కొక్కటి ఎంత ఉంటుందో నాకు చూడకుండానే తెలుసు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి సాధారణంగా రోజుకు 2 నుంచి 4 సార్లు మూత్రం పోస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కిట్టు బాక్సు దగ్గరే తిరుగుతున్నాడు. ఎక్కుతాడు, గుంట తవ్వుతాడు, కూర్చుంటాడు, తోక వణుకుతుంది, చాలాసేపటికి లేచి వస్తాడు. వాడు దిగగానే ఆ చోట వేళ్లతో తడిమి చూశాను. పొడిగా ఉంది. మరోసారి చూస్తే గోరంత తడి. తరవాత వెళ్లి స్నానాలగది నేల మీద కూర్చున్నాడు, అక్కడా అంతే. మధ్యలో కాలు ఎత్తి పెట్టుకుని కింద అదే పనిగా నాకుతున్నాడు. ఒకసారి ముక్కుతూ గొంతు లోపలి నుంచి మూలిగాడు. ఈ నాలుగేళ్లలో వాడి నోట ఆ శబ్దం నేను వినలేదు.

మా అన్నయ్యకు ఫోను చేసి చెబితే, “రక్తం పడటం లేదు కదా, పొద్దున చూసుకోవచ్చులే” అన్నాడు. చాలామంది నమ్మకం ఇదే, ఇది తప్పు. కాస్త రక్తం పడుతున్నా మూత్రం బాగానే వస్తున్న పిల్లికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. రక్తపు చుక్క కూడా లేకుండా మూత్రం పూర్తిగా ఆగిపోయిన పిల్లికి ఆ వ్యవధి లేదు. చూడాల్సింది రంగు కాదు, ఎంత వస్తోందన్నది.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు ఫోను చేశాను. ఆ క్లినిక్ పేరు రాయను. ఫోను తీసిన ఆవిడ మొదట అడిగింది, “పిల్లి మలవిసర్జన చేసిందా?” అని.

“పొద్దున చేశాడండీ, మామూలుగానే.”

“ముక్కుతున్నాడని అంటున్నారు కదా, అది మలబద్ధకమే అయి ఉంటుంది. ఎల్లుండి సాయంత్రం ఖాళీ ఉంది, రాయమంటారా?”

పొద్దున మామూలుగా వెళ్లిన పిల్లికి సాయంత్రానికి మలబద్ధకం ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూత్రం రావడం లేదని మళ్లీ చెప్పాను.

“అసలు రావడం లేదా, కొంచెమైనా వస్తోందా?”

“ఒకచోట గోరంత తడి కనిపించింది.”

“వస్తోంది కదండీ మరి.”

ఆవిడ దృష్టిలో ఆ గోరంత తడితో నా కేసు మూసేసినట్టే. నిండి బిగుసుకుపోయిన మూత్రాశయం నుంచి అడ్డు పక్కగా ఒకటి రెండు చుక్కలు జారతాయి. ఆ చుక్కలకు అర్థం దారి తెరిచి ఉందని కాదు, లోపల ఒత్తిడి పెరిగిపోయిందని. ఈ సంగతి డాక్టర్ చదువు చదివితేనే తెలియాలని లేదు, ఒక్కసారి ఎవరైనా చెబితే చాలు. ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఎవరూ చెప్పలేదు.

కిట్టును బుట్టలో పెట్టుకుని అపాయింట్‌మెంట్ లేకుండానే వెళ్లాను.

కౌంటరు దగ్గర అదే గొంతు. “ఇందాక ఫోను చేసింది మీరేనా? ఎల్లుండి రమ్మన్నాను కదా” అంది, గది మొత్తానికి వినిపించేలా. పరిస్థితి బాగాలేదండీ, ఒక్కసారి డాక్టర్ గారికి చెప్పండి అన్నాను. “ఇక్కడికి వచ్చిన అందరికీ వాళ్ల జంతువే ముఖ్యం. మీకొక్కరికే ఉందా పిల్లి? ఆఖరి టోకెన్ ఇస్తాను, కూర్చోండి.” బెంచీల మీద ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు. కుక్కపిల్లకు టీకా వేయించడానికి వచ్చిన ఒకాయన పక్కావిడతో ఏదో అని నవ్వాడు. వెళ్లి మూలన కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

టోకెన్ల వరస కదులుతోంది. టీకా, గోళ్లు కత్తిరించడం, మళ్లీ టీకా. బుట్టలో పరిచిన తువ్వాలు మీద కిట్టు కూర్చుని ముక్కడానికి ప్రయత్నించాడు. చెయ్యి పెట్టి చూశాను, తువ్వాలు పొడిగా ఉంది. కాసేపటికి పసుపు రంగు నురగ కక్కుకుని, తల వాల్చి పడుకున్నాడు. అప్పటిదాకా అరుస్తున్నవాడు అరవడం మానేశాడు. పక్కనే కూర్చున్న పెద్దావిడ, “పాపం, శాంతించాడు” అంది. నాకు గుండె జారిపోయింది.

మళ్లీ కౌంటరుకు వెళ్లి వాంతి అయిందని చెప్పాను. తల ఎత్తకుండానే, “మీరు కంగారు పడితే అదీ కంగారు పడుతుంది. ఫోనులో ఏవేవో చదివి వచ్చి మాకు నేర్పకండి” అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జీవితంలో ఆఫీసుల్లో చాలా మాటలు పడ్డాను. రేషన్ కాగితమో, బ్యాంకు సంతకమో అయితే రేపు రమ్మంటే రేపు వస్తాం. నోరు లేని ప్రాణం చేతిలో పెట్టుకుని నిలబడినవాళ్లతో మాట్లాడే పద్ధతి అది కాదు. కోపం దిగమింగి ఒక్కటే అడిగాను. “నన్ను నమ్మకపోయినా పరవాలేదండీ. లోపలి నుంచి ఎవరినైనా పిలిచి వాడి పొట్ట తాకి చూడమనండి. అర నిమిషం పని. మామూలుగా ఉందంటే ఎల్లుండే వస్తాను.”

ఈ మాట అప్పుడే ఫైలు పట్టుకుని బయటికి వచ్చిన సహాయకుడి చెవిన పడింది. కుర్రవాడే, పాతికేళ్లు ఉంటాయేమో. బుట్ట మూత తీసి, వెనక కాళ్ల ముందు పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చాడు. కిట్టు మూలిగాడు. ఆ అబ్బాయి ముఖం మారిపోయింది. “మగపిల్లేనాండీ? చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు?” అని అడుగుతూనే బుట్ట ఎత్తుకుని టోకెన్ల వరస దాటి లోపలికి నడిచాడు. ఫోనులో నన్ను అడగాల్సిన ప్రశ్నలు అవే. ఆ అబ్బాయికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

లోపల డాక్టర్ గారు నా చెయ్యి పట్టి పొట్ట మీద పెట్టించారు. గట్టి రబ్బరు బంతి ఒకటి లోపల ఇరుక్కున్నట్టు తగిలింది. అదే మూత్రాశయం. వట్టిగా ఉన్నప్పుడు అది చేతికి సరిగ్గా అందదట. అక్కడి నుంచి అంతా పరుగు మీద జరిగింది. మామూలుగా ఆసుపత్రి బల్ల మీద పిల్లి గుండె నిమిషానికి 160 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. కిట్టుది 120కి పడిపోయింది. మూత్రం బయటికి పోకపోతే దానితో పోవాల్సిన పొటాషియం రక్తంలోనే మిగిలిపోతుంది. అది గుండె లయను చెడగొట్టి, చివరికి ఆపేస్తుంది. రక్తంలో దాని మోతాదు 3.5 నుంచి 5.5 మధ్య ఉండాలి, కిట్టుకు 7 దాటింది. పెద్దావిడ శాంతించాడనుకున్నది దీన్నే. పూర్తిగా అడ్డుపడిన పిల్లికి 24 నుంచి 48 గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ గారు చెబుతుంటే నా చెవిలో “ఎల్లుండి సాయంత్రం” అన్న మాటే మోగింది.

ముందు గుండెను కాపాడటానికి కాల్షియం ఎక్కించారు. పొటాషియం కణాల్లోకి వెళ్లేలా ఇన్సులిన్, గ్లూకోజ్ ఇచ్చారు, సెలైన్ పెట్టారు. తరవాత మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం పెట్టి, సెలైన్‌తో అడ్డును వెనక్కి నెట్టారు. ముదురు ఎరుపు రంగు మూత్రం సీసాలోకి దిగడం అద్దం తలుపులోంచి చూశాను. మగపిల్లి మూత్రమార్గం పొడవుగా, చివరికి వచ్చేసరికి బాగా సన్నగా ఉంటుంది. జిగురు, స్ఫటికాలు, రాలిన కణాలు కలిసి అక్కడ ముద్దకట్టాయి. కొన్నింటికి చిన్న రాయి అడ్డుపడుతుంది, కొన్నింటికి వాపు, కండరాల బిగుతుతోనే మూసుకుపోతుంది. ఆడపిల్లికి ఆ దారి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఇలా పూర్తిగా మూసుకుపోవడం అరుదు.

మూత్రం తేటపడేదాకా గొట్టం ఉంచారు. అడ్డు తొలగాక ఒంట్లోని నీరంతా మూత్రంగా పోయే ప్రమాదం ఉంటుందట, అందుకని ఎంత ఎక్కిస్తున్నారో ఎంత బయటికి వస్తోందో కొలుస్తూ ఉన్నారు. బిల్లు కట్టడం, కాగితాల మీద సంతకాలు ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి.

ఇక ఎప్పుడు పరుగెత్తాలన్నది. పిల్లి ఎక్కువసార్లు వెళ్తోంది కానీ ప్రతిసారీ ఉండ కడుతోంది, తింటోంది, ఆడుతోంది అంటే అర్ధరాత్రి తలుపులు కొట్టక్కర్లేదు. ఆ రోజే లేదా మర్నాడు పొద్దున్నే చూపించాలి, ఈలోగా ప్రతి ఉండనూ గమనిస్తూ ఉండాలి. అదే పిల్లి ఏ క్షణంలోనైనా రావడం లేదన్న స్థితికి మారవచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతూ ఉండలు మామూలు కంటే పెద్దవవుతుంటే అది మూత్రపిండాలో మధుమేహమో కావచ్చు, ఆ వారంలో చూపించుకోవచ్చు. ముక్కుతోంది, రావడం లేదు, మగపిల్లి: ఈ మూడూ కలిస్తే గంటలు లెక్కపెట్టవద్దు. వాంతి, తిండి మానేయడం, మూల దాక్కోవడం తోడైతే ఇప్పటికే ఆలస్యమైందని అర్థం. ఆడపిల్లి అయినా చుక్క రాకపోతే ఇదే మాట.

మలబద్ధకమా, మూత్రమా అని తేలకపోతే మూత్రమనే అనుకుని వెళ్లండి. పొరపాటైతే పోయేది ఒక సాయంత్రం.

ఇంట్లో పొట్ట నొక్కి మూత్రం తెప్పించాలని చూడవద్దు, నిండిన మూత్రాశయం పగిలిపోగలదు. తెలుసుకోవడానికి మెల్లగా తాకడం వేరు, నొక్కడం వేరు. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. మా బంధువు ఒకరు పాత యాంటీబయాటిక్ మిగిలి ఉంది, అది వేయమన్నారు. వయసులో ఉన్న పిల్లుల్లో ఈ బాధకు ఇన్ఫెక్షన్ కారణం కావడం అరుదని డాక్టర్ గారు స్పష్టంగా చెప్పారు. ఎక్కువ వాటిల్లో కారణం ఫలానా అని తేలని మూత్రాశయ వాపే, దాన్ని పెంచేది మానసిక ఒత్తిడి. కొత్త మనుషులు, కొత్త సామాను, పక్క పిల్లితో గొడవ, ఏదైనా సరే. మా ఇంట్లో రంగులు వేయించింది ఈ మధ్యనే.

ఫోను చేసేటప్పుడు బతిమాలకండి, అపాయింట్‌మెంట్ ఉందా అని అడగకండి. “మగపిల్లి, ఇన్ని గంటలుగా మూత్రం పోయలేదు, ముక్కితే చుక్కలు తప్ప ధార లేదు, తీసుకొస్తున్నాను” అని చెప్పండి. చూడలేమంటే, రాత్రిపూట గొట్టం పెట్టగల ఆసుపత్రి ఏదో అడిగి వెంటనే అటు వెళ్లండి. మొదటి నిర్ణయం తీసుకునేది డాక్టర్ కాదు, ఫోను ఎత్తిన మనిషి. ఎన్ని మంచి పరికరాలు ఉన్నా ఆ మనిషికి రెండు ప్రశ్నలు నేర్పని ఆసుపత్రిని నేను మంచి ఆసుపత్రి అనలేను.

కిట్టుకు ఇప్పుడు తడి ఆహారం మొదలుపెట్టాం, ఇంట్లో నాలుగైదు చోట్ల నీళ్లు పెట్టాం, రెండో లిట్టర్ బాక్సు తెచ్చాం. పిల్లులు ఎన్నుంటే అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలట. మొదటి కొన్ని వారాల్లో మళ్లీ అడ్డుపడే అవకాశం ఎక్కువ కాబట్టి రాత్రి కూడా లేచి చూస్తున్నాను. పదే పదే అడ్డుపడితే ఆ దారిని వెడల్పు చేసే శస్త్రచికిత్స ఉందని చెప్పారు, అంతదాకా రాకూడదని కోరుకుంటున్నాను. ఈ పొద్దున రెండు ఉండలు వచ్చాయి, రెండూ మంచి సైజే.

ఆ క్లినిక్ యజమానికి జరిగిందంతా రాసి ఇచ్చాను. సహాయకుడిని మెచ్చుకుంటూ ఒక పేరా, కౌంటరు గురించి మిగతాదంతా. మగపిల్లేనా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది అన్న రెండు ప్రశ్నలూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఫోను పక్కన అంటించమని అడిగాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం కిట్టును పరీక్షకు తీసుకెళ్లాలి, కాగితం అంటించారో లేదో అప్పుడు చూస్తాను.