గోడ చాటుకొచ్చాక కూడా తగిలే తూటా

ఆదివారం, రాత్రి

పొద్దుట్నుంచీ ఒకటే ఉక్క. విశాఖలో ఇలాంటి రోజు కంప్యూటర్ కేబినెట్ మూత తీస్తే దుమ్ము పొడిపొడిగా రాలదు. ఉప్పుగాలి తేమకి జిడ్డు కట్టి ఫ్యాన్ రెక్కల అంచులకి పట్టేసి ఉంటుంది. ఉత్త బ్లోయర్‌కి ఊడదు, ముందు మెత్తటి పెయింటు బ్రష్షుతో కదపాలి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకోవాలి, లేకపోతే దాని హద్దు దాటి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది.

మధ్యాహ్నం గాజువాక నుంచి చిన్నాన్న కొడుకు ఫోను, వాలరెంట్ అనే నెట్‌లో ఆడే కాల్పుల గేమ్ గురించి. "అన్నయ్యా, వాలరెంట్‌లో గోడ చాటుకి వచ్చీసినాక కూడా చచ్చిపోతన్నాను. గ్రాఫిక్స్ కార్డు మార్చీమంటావా?" వాడిది రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ మానిటర్. గోడ చాటు చావుకీ కార్డుకీ సంబంధం లేదురా అంటే, "ఐతే ఎదరోడు హ్యాకరేనా?" అంటాడు. అదీ కాదు, అసలు సంగతి దూరం.

గేమ్ నడిచే ముంబై సర్వర్‌కి విశాఖ నుంచి తిన్నగా కొలిచినా 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురుకి వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు, అంటే పోయి రావడానికే 11. కేబుల్ తిన్నగా పోదు, దారిలో రూటర్లుంటాయి. మన ఊళ్ళో పింగ్, అంటే కబురు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 30, 40 మధ్య వస్తే లైను మంచిదే. ఇప్పుడు ఎదుటివాడు మూల మీంచి బయటికి దూకాడు. వాడి తెర మీద ఆ క్షణంలోనే దూకాడు. ఆ కబురు వాడి పింగ్‌లో సగం సేపటికి సర్వర్‌కి, అక్కణ్ణుంచి మన పింగ్‌లో సగం సేపటికి మనకి చేరుతుంది. కదలిక జెర్కుల్లేకుండా కనపడాలని గేమ్ ఇంకొన్ని మిల్లీసెకన్లు ఆగి మరీ చూపిస్తుంది. ఇద్దరిదీ 40 పింగే అయినా, మనకి వాడు కనపడేసరికి వాడు మనల్ని చూసి 40కి పైగా మిల్లీసెకన్లయిపోతుంది. వాడు కాల్చగానే సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి, ఆ క్షణంలో వాడి తెర మీద మనం ఎక్కడున్నామో చూస్తుంది. బయటే ఉన్నాం కాబట్టి తగిలినట్టే రాసుకుంటుంది. మన తెర మీద మాత్రం ఈలోగా గోడ వెనక్కి వచ్చేశాం. ఈ లెక్క తీసేస్తే కదిలే మనిషి మీద సరిగ్గా గురిపెట్టి కాల్చినా ఎవరికీ తగలదు, కాబట్టి తీసెయ్యరు.

మనం బాగుచేసుకోగలిగింది పింగ్ ఊగిసలాట. కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు తెరిచి, ఒకదాంట్లో రూటర్‌కి, అంటే చాలా ఇళ్ళలో 192.168.1.1కి, రెండోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ కొట్టాలి. చివర హైఫన్ టి పెడితే ఆగదు. రూటర్ కిటికీలోనే 1 ఉండాల్సింది 20, 60 అని ఎగురుతుంటే తప్పు వైఫైది. అపార్ట్‌మెంట్లో 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానళ్ళు 1, 6, 11 మూడే, ఫ్లాట్లేమో ఇరవై. వైరు లాగడమే మందు. క్యాట్6 కొనేటప్పుడు ప్యూర్ కాపరేనా అని అడగాలి, రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా అంటగడతారు. లాగాక అడాప్టర్ స్టేటస్‌లో స్పీడు 1 జీబీపీఎస్ కాకుండా 100 ఎంబీపీఎస్ చూపిస్తే నాలుగు జతల్లో ఏదో ఒకటి అందలేదన్నమాట, క్రింపింగ్, అంటే వైరు చివర ప్లగ్గు బిగించడం, మళ్ళీ చెయ్యాలి.

రూటర్‌కి పింగ్ నిలకడగా ఉండి, ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ చేస్తున్నప్పుడు మాత్రమే 8.8.8.8 పింగ్ 35 నుంచి 200కి పోతుంటే, రూటర్ క్యూలో మన ప్యాకెట్లు, అంటే గేమ్ డేటా ముక్కలు, ఫొటోల వెనక నిలబడ్డాయని అర్థం. ఎస్‌క్యూఎం అని క్యూని అదుపుచేసే సౌకర్యం ఉన్న రూటర్‌లో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, 50 ఎంబీపీఎస్ లైనుకి 45 హద్దు పెట్టాలి. ఆ ఐదూ వదులుకుంటేనే క్యూ మన చేతికొస్తుంది. నెట్ వాళ్ళిచ్చే డబ్బాల్లో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. అప్పుడు బ్యాకప్‌ని రాత్రికి మార్చుకోమని ఇంట్లోవాళ్ళని బతిమాలుకోవడమే. ఎప్పుడు పడితే అప్పుడు ప్యాకెట్లు పోతుంటే ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే డబ్బా) సెట్టింగ్స్ పేజీలో రిసీవ్ పవర్, అంటే అందుతున్న వెలుతురు బలం, చూడాలి. ఇళ్ళకొచ్చే సాధారణ జీపాన్ రకం ఫైబర్ లైనుకి మైనస్ 27 డీబీఎం దాటి కిందికి పోకూడదు. బాల్కనీ గ్రిల్లుకి ఫైబర్‌ని మడతపెట్టి కట్టేసి పోయిన చోట చూస్తే సగం ఫిర్యాదులకి కారణం అక్కడే దొరుకుతుంది.

ఇక కార్డు సంగతి. కొలిచే ప్రోగ్రామ్ ఆఫ్టర్‌బర్నర్‌లో జీపీయూ (కార్డు) వాడకం తెర మీద పెట్టుకుని ఆడితే తేలిపోతుంది. 1080పీ, తక్కువ (లో) సెట్టింగ్స్‌లో అది 55, 60 శాతం దగ్గర తిరుగుతూ, గొడవ జరిగే చోటే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) పడిపోతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. నమ్మకం కుదరకపోతే రిజల్యూషన్ 720పీకి దించి చూడటమే. ఎఫ్‌పీఎస్ పెరక్కపోతే కొత్త కార్డు దండగ. రూపాయి ఖర్చుపెట్టే ముందు రెండు చూడాలి. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 హెర్ట్జ్ నిజంగా ఎంచుకుని ఉందా? 60లో ఉంటే ఫ్రేముకి 6.9 బదులు 16.7 మిల్లీసెకన్లు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్పీడు 3200 ఉందా, 2400 దగ్గరే ఆగిందా? ఆగితే బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ పెట్టలేదు. రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి.

వాడి బోర్డుకి సరైన మార్పు రైజెన్ 5 5600. ప్రాసెసర్ లోపలి మెమరీ, ఎల్3 కాష్, 16 ఎంబీ నుంచి 32 అవుతుంది, 65 వాట్లే, కూలర్ డబ్బాలోనే వస్తుంది. కొత్త సాకెట్ ఏఎం5కి వెళ్ళాలంటే బోర్డుతో పాటు డీడీఆర్5 కొనాలి, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకే మెమరీ అంతా పోతుంటే మైక్రాన్ ఆ డిసెంబరులో క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకి అమ్మడమే మానేస్తున్నట్టు ప్రకటించింది.

పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. బోర్డు మీద రివిజన్ నంబరు చూసి, దానికి సరిపోయే ఫైలే దించి, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు రిపేరు షాపుకే, కాబట్టి యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు. తర్వాత పావుగంట గేమ్ ఆడి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పేస్టు వేడిగా ఉండగానే ఆపేసి, కూలర్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యాలి. కూలర్‌ని పైకి లాగకూడదు, కుడికీ ఎడమకీ తిప్పుతూ విడదీయాలి. వాడి బోర్డు సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు పట్టేస్తే లాక్ వేసి ఉన్నా సరే సాకెట్లోంచి ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి.

కొత్తది పెట్టి ఆన్ చెయ్యగానే, ప్రాసెసర్‌లో తాళాలు దాచే చోటైన ఎఫ్‌టీపీఎం రీసెట్ చెయ్యనా, వై నొక్కు, ఎన్ నొక్కు అని బయోస్ అడుగుతుంది. డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉండి, రికవరీ కీ దగ్గర లేకుండా వై నొక్కితే డ్రైవ్ తెరుచుకోదు. కీ ముందురోజే కాగితం మీద రాసుకోవాలి. బయోస్ మారాక సెట్టింగ్స్ మొదటికొస్తాయి కాబట్టి ఎక్స్ఎంపీ మళ్ళీ పెట్టాలి, పాత పద్ధతిలో బూట్ చేసే సీఎస్ఎం ఆపాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యాలి. విండోస్ 11లో అది లేకపోతే వాలరెంట్ వ్యాన్ 9003 ఎర్రర్ అని మొరాయిస్తుంది. 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కి కూడా సెక్యూర్ బూట్ తప్పనిసరే. డిస్కు విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ముందు కొత్త పద్ధతి జీపీటీకి మార్చి, ఆ తర్వాతే సీఎస్ఎం ఆపాలి. తిరగేసి చేస్తే విండోస్ లేవదు.

ఇదంతా చెప్పాక వాడు అడిగిన చివరి ప్రశ్న, కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ రీస్టార్ట్ ఎందుకవుతోందని. ఇంట్లో ఇన్వర్టరుంది కదా అంటాడు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, వైడ్ మోడ్ అని స్విచ్చుంటుంది. వైడ్‌లో ఉంటే మారడానికి పట్టే సమయాన్ని ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) తట్టుకోలేదు. యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఓఎన్‌టీ, రూటర్ ఇన్వర్టర్ లైను మీద లేకపోతే వాటికి వేరే 12 వోల్టుల మినీ యూపీఎస్ కావాలి. కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టులు చూసుకుని, ఆంపియర్లు కూడుకోవాలి. 1, 1.5 ఉంటే 2 ఆంపియర్ల డబ్బా చాలదు.