రెండు మ్యాపులు, ఒకే నేల

ప్రాంతీయ అభివృద్ధి ప్రణాళిక మీద జరిగిన ఒక మీటింగ్‌కి వెళ్లొచ్చాను. ఇండస్ట్రియల్ జోన్ మ్యాపు ఒక టీమ్ గీసింది, వరద ముంపు మ్యాపు ఇంకో టీమ్. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, గోడౌన్లకు రంగు వేసిన చోటే వాగు పొంగే చోటు!

పర్యావరణ ప్రభావ అంచనా, అంటే ఒక ప్రాజెక్టు వల్ల చుట్టూ ఉన్న నేలకీ నీళ్లకీ ఏమవుతుందో ముందే లెక్కగట్టే పని, చాలామందికి చివర్లో కొట్టించుకునే స్టాంపు. స్థలం ఖరారయ్యి, సగం డబ్బు ఖర్చయ్యాక "ఇక్కడ వద్దు" అని ఎవరంటారు చెప్పండి? 1992లో రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు చేసిన రియో ప్రకటనలో నాలుగో సూత్రం పర్యావరణ రక్షణను అభివృద్ధి నుంచి విడదీసి చూడొద్దంది. ప్రాజెక్టుల దాకా ఆగకుండా ప్లాన్ల దశలోనే అంచనా వేయాలని యూరోపియన్ యూనియన్ 2001లో ఆదేశం తెచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి లెండి.

ఆ మీటింగ్‌లో "పర్యావరణం అంటే ఖర్చే కదా" అని ఒకాయన అన్నారు. న్యూయార్క్ నగరం లెక్క వేరు. నగరానికి ఎగువన ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వచ్చే తాగునీళ్ల కోసం వందల కోట్ల డాలర్ల ఫిల్టరేషన్ ప్లాంటు కట్టాల్సి వచ్చేది. దానికి బదులు, నీళ్లు పుట్టే చోటే పాడవకుండా చూసేందుకు 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. పశువుల పేడ వాగుల్లో కలవకుండా చూసుకునే రైతులకు నగరమే డబ్బిస్తోంది.